రెండో చుట్టు

మూడో విసురు మిగిలి ఉంది. ఒక్కటే. మొదటి రెండూ పోయాయి, రెండుసార్లూ కాలు కట్టె దాటింది, రెండుసార్లూ ఎర్ర జెండా లేచింది, మూడోదానికి పేరు పిలిచేలోపు అసర్ బాంగు వినిపించి ఆట ఆపేశారు. నమాజు, ఆ తర్వాత టీ, అన్నీ కలిపి గంట విరామం అని మైకులో చెప్పారు. సురయ్యా నమాజు చదువుకొని వచ్చి మైదానం అంచున గోడ నీడలో మడత కుర్చీ వేసుకొని కూర్చుంది. దమ్మామ్ శివారులో విదేశీ ఉద్యోగులుండే కాంపౌండు ఇది, ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఒకే రంగు ఇళ్ళు, ఏటా ఫిబ్రవరిలో ఇక్కడి స్కాట్లాండు వాళ్ళు తమ ఊరి బరువుల ఆటలు పెట్టుకుంటారు, ఎవరైనా రావచ్చంటారు, ఆ ఎవరైనా నిజంగా వచ్చి నిలబడితే మాత్రం కాసేపు ఏం చెయ్యాలో వాళ్ళకు తోచదు. ఎదురుగా గడ్డిలో గొలుసు గుండు పడి ఉంది. చిన్న ముంతంత ఇనుము, దానికి జానెడు గొలుసు, గొలుసు చివర చెయ్యి పట్టేంత రింగు. పన్నెండున్నర కిలోల పైచిలుకు. ఒంటి చేత్తో పట్టాలి, పొడవాటి గడిలో దాన్ని వెంటబెట్టుకొని రెండు చుట్లు తిరగాలి, గడి చివర నేలకు బిగించిన కట్టె దగ్గర వదలాలి. కట్టె దాటకుండా ఆగాలి. అంతే. చెప్పుకోవడానికి ఎంత చిన్న పని, అనుకుంది సురయ్యా, చంటిబిడ్డను చంకనేసుకొని మేడ మెట్లు దిగినంత పని. మగవాళ్ళకు ఇది తేలిక గుండట, ఆడవాళ్ళకు ఇదే బరువు గుండట, గుండు మాత్రం ఒకటే. ఆడవాళ్ళ పోటీకి ముగ్గురైనా ఉండాలన్నారు, పేరిచ్చింది తనొక్కతే, రద్దు చేస్తామన్నారు. గుండు అదే కదా, వాళ్ళతోనే వేస్తాను అంది. ఆటలు నడిపే ఎర్రగడ్డం పెద్దమనిషి నవ్వి సరే అన్నాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు, పండగ పూట మారాం చేసే పిల్లకు సరదాగా ఒప్పుకున్నట్టుంది, అదే గుచ్చుకుంది.

ఎక్కడ తప్పింది? మొదటిసారి పట్టు బాగానే ఉంది, వేళ్ళ కణుపుల్లో రింగు కుదురుగా కూర్చుంది, ఎడమ పక్కకు ఒక ఊపు, కుడికి ఒక ఊపు, గుండు వెనక్కి వెళ్ళి దూరంగా బరువుగా లాగింది, సరే, తిరిగింది, మొదటి చుట్టు, ఆ తర్వాత ఏదో అయింది. ఏదో అయింది అనకూడదు. తాను పనిచేసే హుఫూఫ్ ఆస్పత్రిలో రోజూ ఎందరికో చెప్పే మాటే అది, ఎక్కడ నొప్పి అంటే ఇక్కడంతా అంటారు, ఇక్కడంతా కాదమ్మా, వేలు పెట్టి చూపించు. ఫిజియోథెరపిస్టు ఒళ్ళు కూడా ఒళ్ళే, దానికీ వేలు పెట్టి చూపించడం చేతకాదు. మోచేయి ముడుచుకుంది, అది నిజం. ముడుచుకుంటే గుండు దగ్గరికి వచ్చేస్తుంది, దగ్గరికొచ్చిన గుండు ముందుకు తోస్తుంది, తోస్తే కాళ్ళు పరుగెత్తుతాయి, పరుగెత్తితే కట్టె ఆపలేదు. రెండోసారీ అంతే. కానీ మోచేయి ఎందుకు ముడుచుకుంది? ఆరు నెలలుగా అది చాపే ఉంది కదా. ఖర్జూరపు తోటలో, పరాయివాళ్ళు లేని చోట, వారానికి మూడు సాయంత్రాలు, చాపే ఉంది కదా.

గడ్డి మీద గాలి దుమ్ము రేపుతోంది. అవతల గుడారం కింద మగవాళ్ళు టీ తాగుతున్నారు, అందరూ గళ్ళ పావడాలే, ఆటల నియమమట, బొద్దు పిక్కలు, తెల్ల మేజోళ్ళు. వాళ్ళలోంచి ఒకడు నీళ్ళ సీసా పట్టుకొని ఇటు వచ్చాడు. ధీరజ్, విశాఖపట్నం అబ్బాయి, చమురు సేవల కంపెనీలో ఇంజినీరు, ఈ పోటీలో తాను కాక ఉన్న ఏకైక తెలుగువాడు. పొద్దున పలకరించింది కూడా అతనొక్కడే.

"మేడమ్, ఒక మాట చెప్తానండి, ఏమీ అనుకోకండి," అన్నాడు సీసా అందిస్తూ. "లాస్ట్ త్రో స్టాండింగ్‌లో వేసేయండి. స్పిన్ రిస్కు. ఇంకో ఫౌల్ అయితే బోర్డు మీద మీ పేరు ఎదురుగా ఖాళీయే కదండీ. నిలబడి వేసినా ఇరవై అడుగులు వెళ్తుంది. మార్క్ పడుతుంది. మీకది చాలు కదా."

"చూస్తాలే నాయనా," అంది సురయ్యా. నీళ్ళు తాగింది. చల్లగా ఉన్నాయి. మంచివాడు. తన మంచి కోరే చెప్పాడు. ఈ మాట చెప్పినవాళ్ళందరూ తన మంచి కోరే చెప్పారు.

చాలు. ఎంత మెత్తటి మాట, ఏకిన దూదంత మెత్తన. ప్రొద్దుటూరులో వాళ్ళ వసారాలో నాయన విల్లు వేలాడదీసి దూది ఏకేవాడు, తీగ మీద కొట్టినప్పుడల్లా గుమ్ గుమ్మని ఇల్లంతా మోగేది, దూదిపింజలు ఎగిరి వెంట్రుకల్లో, కనురెప్పల మీద, అన్నం ముద్దలో కూడా. దూదేకుల ఇంట్లో పుట్టినదాని ఒళ్ళు దూదిలాగే ఉబ్బింది అనేవారు వీధిలో, తొమ్మిదో తరగతికే తరగతిలో అందరికన్నా పొడవూ వెడల్పూ, బళ్ళో పేరు పరుపు, ఒక్కోసారి డబుల్‌కాట్ పరుపు. కుట్టిన పరుపును చుట్టచుట్టి నెత్తిన పెట్టుకొని మేడ మీదికి ఎక్కించేది తనే, నాయనకు నడుం నొప్పి, అన్నకు సిగ్గు, తనకు మాత్రం బరువు నెత్తిన కూర్చోగానే ఏదో హాయి, మెడ నిటారుగా నిలబడేది, ఆ ఒక్క పనిలో ఒళ్ళు ఎక్కువ అనిపించేది కాదు, సరిపోయింది అనిపించేది. అది చూసే డ్రిల్లు టీచరు జ్ఞానప్రసూనాంబ చేతికి డిస్కస్ ఇచ్చింది. నిలబడి విసిరితే చాలు జిల్లాలో రెండో స్థానం. ఆ తర్వాత కడప జోనల్ పోటీలు, అక్కడ అనంతపురం క్రీడా హాస్టలు పిల్ల ఒకతె, సన్నగా, గడకర్రలాగ, వృత్తంలో గిర్రున తిరిగి విసిరింది, అది చూశాక సురయ్యాకు నిద్ర పట్టలేదు, అంత బక్కపిల్ల విసిరింది చేతితో కాదు, తిరుగుడుతో. మర్నాడు ఫైనల్లో తనూ తిరిగింది. ఎవరూ నేర్పలేదు, కళ్ళతో చూసింది మాత్రమే ఉంది. సగం చుట్టులో కాలికి కాలు తగిలి అంతెత్తు మనిషి సున్నపు గీత మీద బోర్లా పడింది. పరుపు దొర్లిందే అని అరిచింది తన బడి పిల్లే. కంచె అవతల నవ్వు, అలలాగ, ఒక చివర మొదలై రెండో చివర దాకా. టీచరమ్మ వచ్చి లేపి, మోచేతి మీద మట్టి దులిపి, చెవిలో చెప్పింది, నిలబడే వెయ్యమ్మా, నీకది చాలు. ప్రేమగానే చెప్పింది. ఆ తర్వాత సురయ్యా జన్మలో తిరగలేదు. ఎప్పుడూ రెండో స్థానం, ఎప్పుడూ నిలబడి. నిలబడే చదువు, నిలబడే పెళ్ళి. డాక్టరు చదువుతానంటే ఫిజియో చాలు అన్నారు, ఊర్లో క్లినిక్ పెడతానంటే ఉద్యోగం చాలు అన్నారు, రెండో బిడ్డ పోయాక ఇంకోసారి చూద్దామంటే ఒక్కతి చాలు అన్నారు, అందరూ చెవి దగ్గరికి వచ్చి, మెల్లగా, మట్టి దులుపుతూ.

ఒళ్ళో ఫోను వణికింది. ఖయ్యూమ్ బావ. తెర మీద పేరు వెలిగి, వెలిగి, ఆరిపోయింది. పొద్దుటి నుంచి ఎన్నోసారో. భర్త మస్తాన్ వలీకి అన్న, జెద్దాలో అత్తర్ల దుకాణం, తమ్ముణ్ణి ఈ దేశానికి తెచ్చింది ఆయనే, ఇంట్లో ఏ పెద్ద మాటైనా జెద్దా నుంచే వస్తుంది. పోయిన నెల ఎవరో తాను తోటలో గుండు తిప్పుతుంటే వీడియో తీశారు, ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు, పక్క తోట పనివాళ్ళో, దారిన పోయేవాళ్ళో, అది ఈ ఫోనూ ఆ ఫోనూ తిరిగి ప్రొద్దుటూరు చేరి అక్కడి నుంచి జెద్దా వచ్చింది. వీడియోలో తాను వెనక నుంచి కనపడుతుంది, పెద్ద వీపు, నడుము, మట్టి కొట్టుకున్న ప్యాంటు, ఎవడో నవ్వు మాట పాటలాగ అతికించాడు. అది చూసినప్పుడు సురయ్యాకు ముందు కలిగింది కోపం కాదు. కుడికాలు ఆలస్యంగా దిగుతోంది అని గమనించింది. ఆ తర్వాతే కోపం.

మస్తాన్ వలీకి ఆ వీడియో చూపిస్తే ఫోను బోర్లా పెట్టేశాడు. గుండు చేసి ఇచ్చింది అతనే. హుఫూఫ్‌లో పైపుల వర్క్‌షాపులో వెల్డరు, పాత షాఫ్టు ముక్క కోసి, గొలుసు అతికించి, రింగు వంచి, గొలుసు మెలిపడకుండా మధ్యలో తిరుగుడు కీలు పెట్టి, రింగుకు తోలు చుట్టి తెచ్చాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెచ్చిన కానుకలన్నీ కలిపినా అంత ఆలోచించి తెచ్చినది లేదు. సాయంత్రాలు తోటకు వచ్చి ఖర్జూరపు మట్టల మీద కూర్చొని చూసేవాడు. అన్న ఫోను చేసిన రాత్రి నుంచి రావడం మానేశాడు. ఈ పొద్దున కారు తాళం తీసుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకొని, పోతే పో, నేను మాత్రం రాను, అన్నకు నేనేం చెప్పాల, అన్నాడు. ఆ వీపు చూసి వచ్చేసింది. హుఫూఫ్ నుంచి దమ్మామ్ దాకా ఇసుక, కరెంటు స్తంభాలు, ఒంటెల కంచెలు, స్టీరింగు మీద తన చేతులు. పదేళ్ళ కిందట ఈ దారిలో వెనక సీట్లో కూర్చొని వెళ్ళేది. ఈ దేశమే తన మాట మార్చుకొని ఆడవాళ్ళ చేతికి తాళాలిచ్చింది, జెద్దా దుకాణం మాత్రం మారదు.

కాంపౌండు బడి వైపు నుంచి చేతికర్ర ఊపుకుంటూ ఐల్సా వస్తోంది. కర్ర అవసరం లేదిప్పుడు, అలవాటు వదల్లేదు. ఆమెది స్కాట్లాండు, కాంపౌండు బడిలో సంగీతం చెబుతుంది, అరవై దాటింది, తుంటి కీలు మార్పించుకొని కిందటి వేసవిలో ఆస్పత్రికి వచ్చింది, అప్పుడు నడిపించింది సురయ్యానే. ఒక రోజు సురయ్యా ఆమె తుంటికి దన్నుగా తన భుజం పెట్టి లేపితే, ఐల్సా లేవడం మానేసి ఆ భుజాన్ని తడిమింది, వెనక నుంచి ముందు దాకా, సంతలో ఎద్దును చూసినట్టు. నువ్వు ఎప్పుడైనా ఏదైనా విసిరావా అని అడిగింది. ఎవరూ అలా అడగలేదు అంతకుముందు. ఈ ఒంటిని చూసి అడిగే ప్రశ్నలు వేరే ఉండేవి, థైరాయిడ్ చూపించావా, రాత్రిళ్ళు అన్నం తింటావా. ఐల్సా వయసులో ఉన్నప్పుడు తన ఊరి ఆటల్లో ఇదే గుండు విసిరేది. నువ్వు నా తుంటి చూడు, నేను నీ తిరుగుడు చూస్తాను, అని ఒప్పందం. మొదటి నెలంతా గుండునే ముట్టుకోనివ్వలేదు. నీళ్ళ బకెట్టు ఇచ్చింది. బకెట్టు ఒంటి చేత్తో పట్టుకొని తిరుగు, చుక్క కింద పడకూడదు. మోచేయి ముడిస్తే నీళ్ళు కాళ్ళ మీద, భుజం ముందుకు పోతే నీళ్ళు మొహం మీద. తోటవాడు నవ్వుకున్నాడు, ఈ అమ్మ ఖర్జూర చెట్లకు నీళ్ళు పెడుతోందనుకున్నాడు. నువ్వు దాన్ని లాగకు, దాన్ని దూరంగా ఉండనివ్వు, అనేది ఐల్సా, చెయ్యి తాడు, తాడుకు ఆలోచన ఉండదు. కుర్చీలో కూర్చోబోయినట్టు వెనక్కి వాలు, గుండు ఒక పక్క, నీ పిరుదులు ఇంకో పక్క, మధ్యలో నువ్వు స్తంభం. కాళ్ళు ముందు వెళ్ళాలి, తుంటి దాని తర్వాత, భుజం తర్వాత, గుండు అన్నిటికన్నా ఆఖర్న ఆలస్యంగా రావాలి, ఎంత ఆలస్యంగా వస్తే అంత కోపంగా వస్తుంది. సురయ్యాకు ఆ మాట అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు, ఆలస్యంగా వచ్చే కోపం సంగతి ఆమెకు తెలుసు.

ఐల్సా వచ్చి పక్కన గడ్డి మీద కూలబడింది, కర్ర పక్కన పడేసింది. "మొదటి చుట్టు తొందరగా తిరుగుతున్నావు," అంది. "తోటలో అలా లేదు."

"తెలుసు."

"ఎందుకో తెలుసా?"

"అదే వెతుకుతున్నా."

ఐల్సా వెతుక్కోనిచ్చింది. ఆమెలో మంచితనం అదే. గుడారం వైపు చూస్తూ పాట ఏదో కూనిరాగం తీసింది. ఫోను మళ్ళీ వణికింది, ఖయ్యూమ్ బావ, వెలిగి, వెలిగి, ఈసారి ఆరిపోకముందే సురయ్యా ఎత్తింది. తానెందుకు ఎత్తిందో ఆమెకే తెలియదు, బహుశా ఇంకో గుండు మోయడం ఇష్టం లేక.

"ఏమ్మా సురయ్యా, ఫోనెత్తకుంటే ఎట్ల? పొద్దున్నే పోయినావంట గదా. నేను వద్దన్న మాట వాడు నీకు చెప్పలేదా?"

"చెప్పినాడు బావా."

"చెప్పినా పోయినావంటే నా మాటకు విలువ లేదనే గదా. ఊర్నించి ఫోన్లు చేసి అడుగుతాండారు, మీ కోడలు సర్కసులో చేరిందా ఏందని. మొగోళ్ళ మధ్యన ఆ గంతులేంది? వయసుకొస్తాండే ఆడబిడ్డ ఉండాది మీకు."

"బావా, ఈడ మొగోళ్ళంతా పావడాలు కట్టుకోనుండారు. ప్యాంటు ఏసుకోనుండేది నేనొక్కదాన్నే. గంతుల సంగతి అడగాల్సింది వాళ్ళను."

"ఎగతాళా?"

"ఎగతాళి కాదు, నిజం చెప్తాండా. నెత్తిన గుడ్డ ఉండాది, ఒంటినిండా బట్ట ఉండాది, ఇప్పుడే నమాజు చదువుకోని వచ్చి కూర్చున్నా. నీ బాధ బట్ట గురించి గాదు బావా. ఇంత మనిషిని నేను, ఇంతగా కనపడతాండానే, అదీ నీ బాధ."

"రేపు మీ ఆస్పత్రోళ్ళు ఆ వీడియో చూసి ఈడుండే ఇకామా కాయితం తీసేసి ఊరికి పంపిస్తే? అప్పుడేం చేస్తారు మీరు?"

"మా ఆస్పత్రిలో చెప్పే వచ్చినా. పోయిరా అన్నారు. ఆ వీడియో బాగలేదు బావా, ఎవుడో దొంగగా తీసినాడు. ఇంగ కాసేపట్లో ఇంకోటి తీయిస్తా, ముందునించి, మొగం కనపడేటట్ల. నీకు పంపిస్తా. నువ్వే పంపించు ఊరికి."

"నేను వానితో మాట్లాడ్తా."

"మాట్లాడు. నాతో మాట్లాడ్డం అయిపోయింది."

ఫోను ఒళ్ళో పెట్టుకున్నాక చెయ్యి వణుకుతోందని చూసుకుంది. భయమా అని తనను తాను అడిగింది. భయమే. అయితే ఏంటి. తుంటి మార్చుకున్నవాళ్ళు మొదటి అడుగు వేసేటప్పుడు అందరికీ వణుకే, వణుకు తగ్గాక నడుద్దామంటే ఎవరూ నడవరు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట ఊరికే రోగులకు పంచుతోంది. బావ మంచివాడే అని కూడా అనుకుంది, తమ వీసా రోజుల్లో వాళ్ళింట్లోనే ఉన్నారు, కూతురు రేష్మా పుట్టినప్పుడు మొదట ఎత్తుకుంది ఆయనే, వదిన వండిన ఆ బిర్యానీ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, మంచివాడే, మంచివాళ్ళకు కూడా ఇవ్వకూడనివి కొన్ని ఉంటాయి. గుడారం దగ్గర ఎవరో బ్యాగ్‌పైపు ఊది చూస్తున్నాడు, దూడ అరిచినట్టుంది. ఎండ గోడ మీంచి జారి కట్టె మీద పడింది. కట్టెకు తెల్ల రంగు కొత్తగా వేశారు, దాని మీద రెండు బూటు గుర్తులు, రెండూ తనవే.

ఫోను. ఈసారి మస్తాన్ వలీ.

"అన్న ఫోన్ చేసినాడు."

"ఏమన్నాడు?"

"నీ పెండ్లానికి తల తిరిగిందన్నాడు."

"నువ్వేమన్న్యావు?"

అతని వెనక వర్క్‌షాపు చప్పుడు లేదు, ఇంట్లోనే ఉన్నాడు, రేష్మా పెట్టిన ఫ్యాను శబ్దం. సురయ్యా ఎదురు చూసింది. ఎదురు చూడటం కూడా ఒక ఊపు, వెనక్కి పోయిన గుండు తిరిగి వచ్చేదాకా తొందరపడకూడదు.

"రెండూ పోయినాయా?" అని అడిగాడు ఆఖరికి.

"నీకెట్ల తెలుసు?"

"నీ గొంతు చూస్తే తెలీదా. కట్టె దాటినావా?"

"దాటినా."

"చెయ్యి ముడిసినావు."

"ముడిసినా. ఎందుకు ముడుస్తాండానో తెలీడంల్యా."

"నేను మట్టల మీద కూర్చోనుంటే ముడుస్తావు. చెట్టు వెనకాల నిలబడుకోని చూస్తే ముడవవు. శానా సార్లు చూసినా. ఈడ నాకు అన్నతో ఎట్ల మాట్లాడాల్నో తెలీడంలే సురయ్యా."

"మాట్లాడొద్దు. ఏమీ చెప్పొద్దు. ఊరికే ఉండు. అంత మాత్రం చెయ్యి."

"సరే," అన్నాడు. వస్తానని అనలేదు. ఆమె రమ్మనలేదు.

చెట్టు వెనకాల నిలబడి చూసేవాడట. సురయ్యా ఆ మాటను నోట్లో ఖర్జూరపు గింజలాగ అటూ ఇటూ తిప్పింది. చూస్తుంటే ముడుస్తాను, చూడకుంటే ముడవను. మొదటి చుట్టు నెమ్మదిగా తిరగాలి, ఐల్సా చెప్పింది, అందరూ చెబుతారు, నెమ్మదిగా మొదలై చివర వేగం. నెమ్మదిగా అంటే ఏమిటి? నెమ్మదిగా అంటే ఈ మైదానం మధ్యలో, ఇంతమంది కళ్ళ ముందు, ఈ వీపూ ఈ నడుమూ ఈ పిరుదులూ చాపుకొని, వెనక్కి వాలి, కూర్చోబోతున్నదానిలాగ, ఎక్కువసేపు ఉండటం. అదే చేతకాలేదు. రెండుసార్లూ తాను విసరలేదు, పారిపోయింది. ఆ గడిలోంచి, చూపుల్లోంచి, ఎంత తొందరగా బయటపడదామా అని, మోచేయి ముడుచుకున్నది దాక్కోవడానికి, పెద్ద మనిషి చిన్నగా కనపడటానికి చేసే పనే అది, బస్సులో కిటికీ పక్కకు నక్కి కూర్చున్నట్టు, ఫొటోలో పిల్లల వెనక నిలబడినట్టు, పెళ్ళిళ్ళలో చివరి పంక్తిలో గోడవారన తిన్నట్టు. కాళ్ళు కట్టె దాటాయంటే దాటవా మరి, అవి కడప మైదానం నుంచి పరుగెడుతూనే ఉన్నాయి. వేలు పెట్టి చూపించమ్మా అంటే ఇదిగో ఇక్కడ. భుజంలో లేదు, తుంటిలో లేదు, పాదంలో లేదు. నవ్వుతారేమో అన్న చోట ఉంది. సరే నవ్వనీ. చూడనీ. కళ్ళారా చూడనీ, ఇంత మనిషిని ఇంతగా చూడటానికి సమయం పడుతుంది, వాళ్ళకు ఆ సమయం ఇద్దాం. ఆమెకు నవ్వు వచ్చింది, పైకే వచ్చింది, ఐల్సా తల తిప్పి చూసి తానూ నవ్వింది.

మైకు గరగరలాడింది. మూడో విడత మొదలు. ఒకరి తర్వాత ఒకరు. ధీరజ్ రెండు చుట్లు తిరిగి ముప్పై మూడడుగులు వేశాడు, ఇప్పటి దాకా అతని మంచి దూరం, అరిచి చేతులెత్తాడు. ఆ తర్వాత తన పేరు, పలకడం రాక ముక్కలు చేసి పిలిచారు. సురయ్యా లేచి అరచేతులకు సుద్దపొడి రాసుకుంది. దారిలో ధీరజ్ ఎదురొస్తే ఫోను అతని చేతిలో పెట్టింది.

"వీడియో తీస్తావా నాయనా? కాళ్ళ నుంచి తల దాకా. ముందు వైపు నుంచి తియ్యి."

"తీస్తానండి. స్టాండింగే కదా మేడమ్?"

"కాదు," అంది.

గడిలోకి వచ్చింది. కట్టెకు వీపు పెట్టి నిలబడింది. రింగు ఎత్తింది, కణుపుల్లో కూర్చోబెట్టింది. కూర్చున్నాక వెంటనే ఊపలేదు. నిలబడింది. గాలి చున్నీ అంచును కొట్టింది, బిగించి ముడి వేసిందే, కదల్లేదు. గుడారం కింద మాటలు తగ్గాయి. చూస్తున్నారు. ఎర్రగడ్డం ఆయన జెండాలు రెండూ చంకలో పెట్టుకొని చూస్తున్నాడు. చూడండి. ఇదిగో భుజాలు, పరుపులు మోసినవి. ఇదిగో తొడలు. ఎడమకు ఊపింది, గుండు వెళ్ళింది, వచ్చింది. కుడికి ఊపింది, వెళ్ళింది, వెళ్ళింది, చెయ్యి తాడు, తాడుకు ఆలోచన ఉండదు, చాపనిచ్చింది, భుజం కీలు తన గూటిలో కిర్రుమనేదాకా. వెనక్కి వాలింది, కుర్చీ లేదు, గుండే కుర్చీ. ఎడమ పాదం మడమ మీద తిరిగింది. నెమ్మదిగా. ఎంత నెమ్మదిగా అంటే అవతల తెల్ల ఇళ్ళు, నీళ్ళ ట్యాంకు, పార్కింగులో తన కారు, ఐల్సా కర్ర, మళ్ళీ ఇళ్ళు, అన్నీ విడివిడిగా కనపడ్డాయి, మొదటి చుట్టు పూర్తయింది, అయినా ఎవరూ ఆమెను తరమలేదు, ఆమె ఎవరి నుంచీ పరుగెత్తలేదు. గుండు ఇంకా వెనకే ఉంది, ఎక్కడో దూరంగా, మొండిగా. ఇప్పుడు. కాళ్ళు దాని ముందుకు దూకాయి, కుడికాలు దిగింది, సమయానికి దిగింది, ఎడమకాలు కట్టెకు అడ్డంగా మేకులాగ దిగింది, తుంటి తిరిగింది, ఆ తర్వాత వీపు, ఆ తర్వాత భుజం, ఆఖర్న, ఎంతో ఆలస్యంగా, గుండు వచ్చింది, ఆలస్యంగా వచ్చినదానికున్న కోపమంతా తెచ్చుకొని వచ్చింది. నోట్లోంచి ఏదో అరుపు వచ్చింది, తెలుగు కాదు, ఏ భాషా కాదు. వదిలింది. ఎడమ భుజం మీదుగా. ఒళ్ళంతా ఇంకా తిరుగుతోంది, కట్టె మీదికి ఒరుగుతోంది, బూటు ముందు భాగం కట్టె లోపలి అంచును గట్టిగా తన్నింది, మోకాలు ఆపింది, తొడ ఆపింది, ఈ ఇంత బరువూ అదే ఒంటి బరువుతో ఆగింది. నిలబడింది. కట్టెకు ఇటువైపే.

గుండు గడ్డిలో దిగిన చప్పుడు అప్పుడు వినిపించింది. మట్టిపెళ్ళ ఎగిరింది. తెల్ల జెండా లేచింది.

ఇద్దరు టేపు పట్టుకొని పరుగెత్తారు. ఎర్రగడ్డం ఆయన టేపు మీదికి వంగి, మళ్ళీ వంగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకొని ముప్పై ఆరు అన్నాడు, ఆపైన ఏవో అంగుళాలు అన్నాడు. తోటలో కూడా ఎన్నడూ అంత వెళ్ళలేదు. గెలుపు కాదు, ముందు ఇంకా ముగ్గురున్నారు, వాళ్ళలో ఒకడు నలభై దాటాడు. వెనక మాత్రం ఆరుగురు. ఐల్సా కర్ర అక్కడే వదిలేసి, కొత్త తుంటితో, కుంటకుండా, గడ్డి మీద అడ్డంగా నడిచి వచ్చి ఆమె భుజాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ధీరజ్ ఫోను తిరిగి ఇచ్చాడు. అతని మొహంలో ఓడినవాడి ఎరుపు ఉంది, అది దాచుకోవడం అతనికింకా రాలేదు, అయినా చెయ్యి చాపాడు.

"మొత్తం వచ్చిందండి మేడమ్. ఆ అరుపు కూడా."

సురయ్యా అక్కడే, గడి పక్కనే నిలబడి, ఆ వీడియోను ముందు జెద్దాకు పంపింది, తర్వాత హుఫూఫ్‌కు, కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఫోను ఆపేసి జేబులో వేసుకుంది. చెయ్యి ఇంకా వణుకుతోంది, అది వేరే వణుకు, తీగ మీద దెబ్బ పడ్డాక మోగే వణుకు.

మైదానం అవతల రెండు పొడవాటి స్తంభాలు నిలబెడుతున్నారు. గుండును వెనక్కి తిరిగి నెత్తి మీదుగా అడ్డకర్ర దాటించే పోటీ. ఆ పోటీకి ఆమె పేరివ్వలేదు, ఇవ్వాలని కూడా అనుకోలేదు. ఎర్రగడ్డం ఆయన జెండాలు సర్దుకుంటూ దగ్గరికొచ్చి, ఈసారి నవ్వకుండా అడిగాడు, ఇందులోనూ ఉంటావా, నీకు ఇదే గుండు, కర్ర ఎనిమిదడుగుల దగ్గర మొదలు పెడదామా అని.

సురయ్యా తలెత్తి స్తంభాల వైపు చూసింది. చేతులు దులుపుకుంది.

"పది," అంది.

"పదికి ఎక్కించాలంటే నిచ్చెన కావాలి."

"తెప్పించండి," అంది సురయ్యా.